విషరసాయనాల నుండి పశుకణాలకు మొక్కల రక్షణ: పల్నాటి పత్తి చేల నేపథ్యంలో ఒక పరిశీలన

సత్తెనపల్లి, పిడుగురాళ్ళ నడుమనున్న రాజుపాలెం పరిసరాలలో పత్తి చివరి తీత ముగిసిన పిదప చేలలోకి జీవాలను తోలడం పాత ఆచారం. మోళ్ళ మీద మిగిలిన ఆకు, విచ్చుకోని కాయ, గట్ల మీది గడ్డి గొర్రెలకు, మేకలకు మేతవుతాయి. వాటి పెంటికలు చేనికి ఎరువవుతాయి. రైతుకు, కాపరికి ఇద్దరికీ లాభసాటి అయిన ఈ ఏర్పాటు నేటికీ సాగుతోంది. అయితే జీవాలు మేసే ఆ ఆకు మాత్రం మునుపటి ఆకు కాదు.

1980ల మధ్య కాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిపై తెల్లదోమ విరుచుకుపడింది. వెనువెంటనే శనగపచ్చ పురుగు వచ్చింది. 1987-88 నాటి పత్తి రైతుల ఆత్మహత్యలు ఈ ప్రాంతం మరువలేని విషాదం. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించిన తరువాత కాయతొలుచు పురుగులపై పిచికారీలు కొంతకాలం తగ్గినప్పటికీ, రసం పీల్చే పురుగులు, అనంతరం గులాబీ రంగు పురుగు రైతును మళ్ళీ మందుల అంగడికి నడిపించాయి. మిరపలో 2021-22లో నల్ల తామర పురుగు చేసిన నష్టం అందరికీ తెలిసినదే. ఒక్కొక్క విపత్తు వెంట ఒక్కొక్క కొత్త మందు చేలలోకి వచ్చింది. పాతవి కొన్ని నిషేధానికి గురయ్యాయి. సుప్రీంకోర్టు 2011లో ఎండోసల్ఫాన్‌ను నిలిపివేసింది. కాని మందు కొట్టే తైవాన్ పంపు మాత్రం రైతు భుజం దిగలేదు.

2006 తొలి మాసాలలో వరంగల్ జిల్లాలో కోత ముగిసిన బీటీ పత్తి చేలను మేసిన గొర్రెలు పెద్ద సంఖ్యలో మరణించాయని కాపరులు ఫిర్యాదు చేశారు. బీటీ జన్యువే కారణమని కొందరు, పురుగుమందుల అవశేషాలు కావచ్చునని కొందరు, నైట్రేట్ విషప్రభావమని మరికొందరు వాదించారు. ఆ వివాదంలోకి ఈ వ్యాసం వెళ్ళదు. చనిపోయిన గొర్రె కంటికి కనిపిస్తుంది కనుక దానిపై చర్చ జరుగుతుంది. చనిపోకుండా, బయటికి ఆరోగ్యంగా తిరుగుతూ, కణాల లోపల దెబ్బతిన్న గొర్రె సంగతి ఎవరి దృష్టికీ రాదు. ఆ కనిపించని గాయాన్ని గురించి, దానిని తగ్గించడంలో మన పెరటి మొక్కలు ఎంతవరకు తోడ్పడతాయన్నదాన్ని గురించి ఇక్కడ పరిశీలిద్దాం.

కణంలోని గాయం

ప్రతి కణంలోనూ జీవి నిర్మాణానికి, నిర్వహణకు అవసరమైన ఆదేశాలు డీఎన్‌ఏ రూపంలో నిక్షిప్తమై ఉంటాయి. విషరసాయనాలు దానిని ప్రధానంగా రెండు మార్గాలలో దెబ్బతీస్తాయి. కొన్ని నేరుగా డీఎన్‌ఏకు అతుక్కొంటాయి. బూజుపట్టిన మేతలోని అఫ్లాటాక్సిన్ ఇందుకు చక్కని ఉదాహరణ. అది స్వతహాగా అంత చురుకైనది కాదు. కాలేయంలోని ఎంజైములు దానిని విరిచి బయటికి పంపే ప్రయత్నంలో మరింత ప్రమాదకరమైన రూపానికి మారుస్తాయి. ఆ రూపం డీఎన్‌ఏలోని గ్వానిన్‌ను పట్టుకొంటుంది. రెండవది పరోక్ష మార్గం. అనేక ఆర్గానోఫాస్ఫరస్ మందులు కణంలో చురుకైన ఆక్సిజన్ అణువుల ఉత్పత్తిని పెంచుతాయి. ఆ అణువులు డీఎన్‌ఏ పోగులను తెంచుతాయి.

ఈ తెగుళ్ళను చూడడానికి శాస్త్రజ్ఞులు వాడే పద్ధతులలో కామెట్ పరీక్ష ముచ్చటైనది. రక్తకణాలను గాజుపలకపై అగరోజ్ అనే జిగురు పొరలో పరచి, కణపొరలను కరిగించి, క్షార ద్రావణంలో ఉంచి విద్యుత్తును ప్రసరింపజేస్తారు. డీఎన్‌ఏ చెక్కుచెదరకుండా ఉంటే గుండ్రని చుక్కగా నిలుస్తుంది. తెగిన ముక్కలుంటే అవి ధనధ్రువం వైపు జారి, వెలుగుచిమ్మే రంగు అద్దినప్పుడు తోకచుక్క వలె కనిపిస్తాయి. తోక ఎంత పొడవైతే గాయం అంత పెద్దది. ఇక సూక్ష్మకేంద్రక పరీక్షలో, కణవిభజన సమయంలో వెనుకబడిపోయిన క్రోమోజోము ముక్కలను లెక్కిస్తారు. రెంటికీ కొద్దిపాటి రక్తమో, ఎముక మజ్జో చాలు.

హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన ఒక పరిశోధన మన చర్చకు చాలా ముఖ్యమైనది. వారు చిట్టెలుకలకు క్లోరోపైరిఫాస్, ఎసిఫేట్ మందులను నోటి ద్వారా ఒక్కసారి ఇచ్చి, తెల్లరక్తకణాలను కామెట్ పరీక్షకు గురిచేశారు. ఈ రెండూ మన పత్తి, మిరప రైతులకు చిరపరిచితమైన పేర్లే. 24 గంటలకు తోకలు పొడవయ్యాయి. మోతాదు పెరిగినకొద్దీ గాయమూ పెరిగింది. 48 గంటల నుండి తోకలు కురచ కాసాగాయి. 96 గంటలకు మందు ఇవ్వని ఎలుకల స్థాయికి చేరాయి.

అంటే కణం నాలుగు రోజులలో తన గాయాన్ని తానే మాన్పుకొన్నది. డీఎన్‌ఏ మరమ్మతు యంత్రాంగాన్ని వివరించినందుకు తోమాస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సాంజార్‌లకు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఆ యంత్రాంగం ప్రతి జీవిలోనూ అహర్నిశలు పనిచేస్తూనే ఉంటుంది. ఈ ఫలితాన్ని చూసి నిశ్చింతగా ఉండవచ్చునని అనుకొనేవారు ఒక సంగతి గమనించాలి. ఎలుకకు మందు ఒక్కసారే ఇచ్చారు. చేనిలో కూలీకి, చేనిగట్టున కట్టిన గేదెకు, మోళ్ళు మేసే మేకకు అది ఒక్కసారితో ముగియదు. మరమ్మతు పూర్తికాక ముందే రెండవ దెబ్బ, అది మానకముందే మూడవ దెబ్బ తగిలితే మరమ్మతు వెనుకబడుతుంది. సరిచేయని తప్పుతోనే కణం విభజన చెందితే ఆ తప్పు శాశ్వతమవుతుంది.

మన రాష్ట్రంలోని పత్తి చేలలో మందు కొట్టే కూలీల తెల్లరక్తకణాలను ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్ర పరిశోధకులు 1980ల చివర, 1990ల ఆరంభంలో పరిశీలించినప్పుడు, మందుతో సంబంధం లేనివారి కంటే వారిలో క్రోమోజోముల లోపాలు ఎక్కువగా కనిపించాయి. మనుషులకు అయినదే అదే గాలి పీల్చి, అదే చేని ఆకు తినే పశువుకు కాదనుకోవడానికి ఆధారం లేదు.

ఉసిరి, పసుపు, మునగ

కలకత్తా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లో ఉసిరికాయ సారంపై ప్రచురించిన ప్రయోగం ఈ రంగంలో పదే పదే గుర్తు చేసుకోదగినది. చిట్టెలుకలకు ఏడు రోజుల పాటు ఉసిరి సారాన్ని నోటి ద్వారా ఇచ్చి, ఆ తరువాత సీసం లేదా అల్యూమినియం లవణాన్ని సూదిమందుగా ఎక్కించారు. మరికొన్ని ఎలుకలకు ఉసిరికి బదులు కేవలం సి విటమిన్ ఇచ్చారు. ఎముక మజ్జ కణాలలో క్రోమోజోములు విరగడం ఉసిరి తిన్న ఎలుకలలో తగ్గింది. సి విటమిన్ మాత్రం తక్కువ మోతాదు లోహాల నుండే కాపాడగలిగింది. ఎక్కువ మోతాదు అల్యూమినియం విషయంలో అది నిరుపయోగమైంది. ఎక్కువ మోతాదు సీసం విషయంలోనైతే గాయాన్ని పెంచింది కూడా. ఉసిరిలోని పదార్థాలన్నీ కలిసి పనిచేయడం వల్లనే ఈ తేడా వచ్చి ఉండవచ్చునని వారు భావించారు.

ఈ ప్రయోగంలోని విషం లోహం, పురుగుమందు కాదు. అయినప్పటికీ ఇందులో రెండు పాఠాలున్నాయి. ఉసిరిని విషానికి ముందు, అదీ వారం రోజుల పాటు ఇచ్చారు. విషం ఎక్కిన తరువాత కాదు. మొక్కలలోని టానిన్లు, ఫ్లేవనాయిడ్లు చేసే ముఖ్యమైన పని కణం సొంత రక్షణ ఎంజైముల ఉత్పత్తిని పెంచడం. గ్లుటాథయోన్‌ను విషానికి జతచేసి దానిని నీటిలో కరిగేటట్లు మార్చే ఎంజైములు ఇటువంటివే. ఆ ఉత్పత్తికి గంటలు, రోజులు పడుతుంది. రెండవ పాఠం, కాయలోని ఒక పదార్థాన్ని వేరుచేసి ఇస్తే కాయ చేసిన పని అది చేస్తుందన్న హామీ లేదు.

పసుపు విషయంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన కృషి చెప్పుకోదగినది. అక్కడి శాస్త్రవేత్తలు 1992లో ప్రచురించిన అధ్యయనంలో, చాలాకాలంగా పొగ తాగుతున్న 16 మందికి రోజుకు 1.5 గ్రాముల చొప్పున 30 రోజులు పసుపు ఇచ్చారు. జన్యుమార్పులు కలిగించే పదార్థాలు వారి మూత్రంలో గణనీయంగా తగ్గాయి. ఒకటిన్నర గ్రాము అంటే మన వంటింటి కొలతలో అర చెంచాడు. మన పరిశోధనశాలలో, మన వంటింటి మోతాదుతో చేసిన ఈ పని ప్రపంచవ్యాప్తంగా పసుపు పరిశోధనకు ఊతమిచ్చిన వాటిలో ఒకటి.

అఫ్లాటాక్సిన్ సంగతి పల్నాటి పాడిరైతుకు మరింత దగ్గరిది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతుచిక్కకుండా మరణించినప్పుడు, కారణాన్ని వెతుక్కొంటూ వెళ్ళిన శాస్త్రజ్ఞులు చేరింది బూజుపట్టిన వేరుశనగ చెక్క దగ్గరికి. 1974లో గుజరాత్‌లోని పంచమహల్, రాజస్థాన్‌లోని బాంస్వాడా ప్రాంతాలలో వర్షానికి తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడ్డారు. వారిలో 106 మంది మరణించారు. జాతీయ పోషకాహార సంస్థ బృందం జరిపిన ఆ పరిశీలనలో, అదే ఇళ్ళలోని కుక్కలు కూడా పొట్ట ఉబ్బి, కామెర్లతో చనిపోయినట్లు తేలింది. మన గొడ్లచావడిలో తడి తగిలిన పత్తిగింజల చెక్క, వేరుశనగ చెక్క, మొక్కజొన్న పిండి ఇటువంటి ప్రమాదానికి అవకాశమిచ్చేవే. పాడి పశువు తిన్న ఈ విషంలో కొంత భాగం రూపం మార్చుకొని పాలలోకి దిగుతుంది. అందుకే పాలలో అది కిలోకు 0.5 మైక్రోగ్రాములు మించరాదని మన ఆహార భద్రతా ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి.

కేరళలోని త్రిశ్శూరు అమల కాన్సర్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 1992లో బాతుపిల్లలకు రోజుకు 5 మైక్రోగ్రాముల చొప్పున 14 రోజులు అఫ్లాటాక్సిన్ ఇచ్చి చూశారు. పసుపు, పసుపులోని కర్క్యుమిన్ రెండూ కాలేయ నష్టాన్ని చాలావరకు సరిచేశాయి. అదే పరిశోధనలో ఇంకొక ఆసక్తికరమైన అంశం బయటపడింది. బూజు పెరిగే పాత్రలో పసుపు సారం కలిపితే అఫ్లాటాక్సిన్ తయారీ 90 శాతానికి పైగా తగ్గింది. విడిగా కలిపిన కర్క్యుమిన్ మాత్రం ఆ తయారీని ఏ మాత్రం ఆపలేదు. ఉసిరి విషయంలో చూసినదే ఇక్కడా మరొక రూపంలో కనిపిస్తుంది. 2008లో అమెరికాలోని మిసోరిలో బ్రాయిలర్ కోడిపిల్లల మేతలో పసుపు పొడి కలిపి చేసిన ప్రయోగం కూడా అఫ్లాటాక్సిన్ దుష్ప్రభావాలు తగ్గినట్లు చూపింది.

పల్నాటిలో ప్రతి పెరటిలో కనిపించే మునగ ఆకు సారాన్ని చిట్టెలుకలకు శరీర బరువు కిలోకు 150 మిల్లీగ్రాముల చొప్పున ముందుగా ఇచ్చినప్పుడు, రేడియేషన్ వల్ల ఎముక మజ్జలో క్రోమోజోములకు కలిగే నష్టం తగ్గినట్లు 2001లో ప్రచురితమైంది. తులసిపై మణిపాల్‌లో జరిగిన పరిశోధనలు ఇటువంటి ఫలితాలనే ఇచ్చాయి.

చిట్టెలుక నుండి గేదె వరకు

ఇంతవరకు చెప్పినది విని, గేదెకు రోజూ ఇంత పసుపు, ఇంత మునగాకు పెడితే సరిపోతుందని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. ఈ రంగంలో వెలువడే పరిశోధనా పత్రాలలో అధికభాగం గాజు పాత్రల వద్ద, చిట్టెలుకల వద్ద ఆగిపోతున్నాయి. వాటి ముగింపు వాక్యాలు మాత్రం మనుషుల వరకు, పశువుల వరకు వెళుతున్నాయి. ఈ అలవాటు శాస్త్రానికి మేలు చేయదని ఈ రచయిత అభిప్రాయం.

మోతాదునే తీసుకొందాం. చిట్టెలుకకు కిలోకు 150 మిల్లీగ్రాములు అన్న లెక్కను 400 కిలోల గేదెకు నేరుగా గుణిస్తే 60 గ్రాముల సారం కావాలి. కాని శరీరం పెద్దదయ్యే కొద్దీ కిలో బరువుకు జరిగే జీవక్రియ వేగం తగ్గుతుంది. 25 గ్రాముల ఎలుకకు, 400 కిలోల గేదెకు మధ్య ఈ తేడాను లెక్కలోకి తీసుకొంటే మోతాదు సుమారు 5 గ్రాములకు దిగుతుంది. ఒకే ప్రయోగం నుండి పన్నెండింతల తేడా గల రెండు మోతాదులు వస్తున్నాయి. ఏది సరైనదో గేదెపై పరీక్షిస్తేనే తేలుతుంది.

పైగా గేదె, మేక, గొర్రె నెమరువేసే జంతువులు. తిన్నది ముందుగా పెద్ద పొట్టకు చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు ఫ్లేవనాయిడ్లను, టానిన్లను విరగగొట్టి వేరే పదార్థాలుగా మారుస్తాయి. ఒకే పొట్ట ఉన్న ఎలుక రక్తంలోకి చేరిన పదార్థమే గేదె రక్తంలోకీ చేరుతుందనడానికి వీలు లేదు. ఒకే పొట్ట ఉన్న మనిషిలో సైతం కర్క్యుమిన్ చాలా తక్కువగా గ్రహింపబడుతుంది. మిరియాలలోని పైపరిన్ తోడైతే ఆ గ్రహణం అనేక రెట్లు పెరుగుతుందని బెంగళూరులో 1998లో జరిగిన పరిశోధన చూపింది.

గాజు పాత్రలోని ఫలితాలను చదివేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. మొక్క సారాన్ని, విషాన్ని ఒకే పాత్రలో ఒకేసారి కలిపితే అవి రెండూ కణం బయటనే కలిసి నిర్వీర్యమై ఉండవచ్చు. అప్పుడు కణాన్ని సారం కాపాడిందనడం సబబు కాదు. విషాన్ని పాత్రలోనే అది పట్టివేసింది, అంతే. అందుచేతనే సారాన్ని విషానికి ముందు, విషంతో పాటు, విషం తరువాత అని మూడు విధాలుగా ఇచ్చి చూసిన పరిశోధనలకు విలువ ఎక్కువ.

కాపాడే పదార్థమే గాయపరచడమూ ఉంది. రాగి అయాన్ల సమక్షంలో కర్క్యుమిన్ డీఎన్‌ఏ పోగులను తెంచుతుందని అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1998లో చూపారు. మిరపలో తెగుళ్ళకు కాపర్ ఆక్సీక్లోరైడ్ వాడే ప్రాంతంలో ఈ సంగతిని పరిశోధకులు మరచిపోరాదు. ఫిన్లండులో 29 వేల మందికి పైగా పొగతాగే పురుషులపై జరిగి 1994లో వెలువడిన పరిశీలన ఇంకా గట్టి హెచ్చరిక. క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌ను మాత్రలుగా మింగినవారిలో ఊపిరితిత్తుల కాన్సర్ తగ్గడానికి బదులు 18 శాతం పెరిగింది. మేలు చేస్తుందని అందరూ నమ్మిన పదార్థమది.

అంగట్లో దొరికే పసుపు పొడి గురించి ఒక మాట. మెరిసే పచ్చరంగు కోసం కొందరు వ్యాపారులు అందులో సీసపు క్రోమేట్ కలుపుతున్న ఉదంతాలు మన దేశంలోను, బంగ్లాదేశ్‌లోను బయటపడ్డాయి. అందులోని సీసం, క్రోమియం రెండూ డీఎన్‌ఏకు హానికరమైనవే. పశువుకైనా, మనిషికైనా కొమ్ములు కొని ఆడించుకొన్న పొడిని వాడటమే క్షేమం.

రైతు, కాపరి గుర్తుంచుకోవలసినవి

పురుగుమందు తిన్న జీవానికి పసుపు నీళ్ళు తాగించి కాలయాపన చేయడం ప్రాణాంతకం. నోటి వెంట చొంగ కారడం, కంటిపాప సూదిమొనంతగా కుంచించుకుపోవడం, కండరాలు వణకడం, విరేచనాలు, ఊపిరి అందకపోవడం ఆర్గానోఫాస్ఫరస్ విషప్రయోగ లక్షణాలు. ఇక్కడ దెబ్బతిన్నది డీఎన్‌ఏ కాదు, నాడులలోని ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైము. దీనికి విరుగుడు పశువైద్యుడు ఇచ్చే అట్రోపిన్. ఏ ఆకుపసరుకూ ఆ శక్తి లేదు. వైద్యుడు వచ్చేలోగా పశువును మందు వాసన లేని చోటికి మార్చి, ఒంటి మీద మందు పడి ఉంటే సబ్బు నీటితో కడగాలి. మందు డబ్బా పారవేయకుండా వైద్యునికి చూపాలి.

మందు కొట్టిన చేనిలోకి, డబ్బాపై సూచించిన గడువు తీరేవరకు జీవాలను తోలరాదు. చేను ఎవరిదైనా, చివరి పిచికారీ ఎప్పుడు జరిగిందో, ఏ మందు కొట్టారో కాపరికి చెప్పడం రైతు బాధ్యత. ఇది నోటిమాటతో అయ్యే పని, ఖర్చు లేనిది, అయినా చాలా ఊళ్ళలో జరగనిది. పంపు కడిగిన నీటిని కుడితి గోలెం దగ్గర, పశువులు తాగే కాలువలో పారబోయరాదు. ఖాళీ డబ్బాలలో తవుడు, దాణా కొలవరాదు. బూజు వాసన వచ్చే చెక్కను ఎండబెట్టి పెడదామని అనుకోరాదు. ఎండకు బూజు చస్తుంది గాని, అది అప్పటికే విడిచిన విషం పోదు.

వీటన్నిటి తరువాతనే మునగాకు, ఉసిరి పిప్పి వంటివి. మునగాకు ఎలాగూ మాంసకృత్తులు అధికంగా గల మేతే. పశుగ్రాసంలో కొంత భాగంగా వాడితే నష్టం లేదు. అంతకు మించిన హామీ నేటి శాస్త్రం ఇవ్వదు.

పల్నాటిలో జరగవలసిన పని

పశ్చిమ బెంగాల్‌లోని నదియా జిల్లాలో, భూగర్భ జలంలోని ఆర్సెనిక్‌కు ఏళ్ళ తరబడి గురైన గ్రామీణులకు మూడు నెలల పాటు పైపరిన్ కలిపిన కర్క్యుమిన్ ఇచ్చి, ముందూ వెనుకా కామెట్ పరీక్ష జరిపిన కలకత్తా శాస్త్రవేత్తలు డీఎన్‌ఏ గాయం తగ్గినట్లు 2010లో ప్రచురించారు. పరిశోధనశాలను విడిచి ఊరిలోకి వెళ్ళిన ఆ పద్ధతి మనకు అనుసరణీయం.

రాజుపాలెం వంటి మండలంలో పత్తి చేలలో మేసే మందలు కొన్ని, కొండ పోరంబోకులలో మాత్రమే మేసే మందలు కొన్ని ఎంచుకోవచ్చు. పత్తి మేసే మందలలో సగం జీవాలకు మేతకు మూడు వారాల ముందు నుండి మునగాకు పెట్టి, తక్కిన సగానికి పెట్టకుండా ఉంచవచ్చు. ప్రతి జీవం నుండి మేతకు ముందు ఒకసారి, మేత మొదలైన నాలుగవ రోజున ఒకసారి, నెల తరువాత ఒకసారి కొద్దిపాటి రక్తం తీస్తే చాలు. నాలుగవ రోజు ఎందుకంటే, హైదరాబాదు ప్రయోగంలో ఒక్కసారి తగిలిన గాయం మానిన రోజది. మేత కొనసాగుతున్న జీవంలో ఆ రోజుకూ తోక పొడవుగానే ఉంటే, మరమ్మతు వెనుకబడుతున్నట్లే. వెలుతురు తగలకుండా, మంచుపెట్టెలో ఉంచి అదే రోజు పరీక్షకు చేర్చాలి. లాం నుండి గన్నవరం పశువైద్య కళాశాల వరకు ఈ చుట్టుపక్కల ఉన్న విద్యాసంస్థలు కలిసి పనిచేస్తే ఇది అసాధ్యమైన పని కాదు. ఏ చేనిలో ఏ మందు ఎప్పుడు కొట్టారన్న పట్టిక మాత్రం రైతుల సహకారం లేనిదే తయారు కాదు. ఆ పట్టికను పత్తి విత్తిన నాటి నుండే రాయడం మొదలుపెట్టవలసి ఉంటుంది.